తక్కువ ఆదాయం, తల్లిదండ్రుల ఆసరా లేదు: టెక్సస్‌లో నాన్‌రెసిడెంట్ ఫీజు ఎలా కట్టాలి?

ప్రశ్న: ఓక్‌ట్రీ_కౌంటర్

అందరికీ నమస్కారం. నా వయసు 25 ఏళ్లు, గ్రీన్‌కార్డు ఉంది. న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఒక ఇంటి బేస్‌మెంటులో మరో ఇద్దరు అమ్మాయిలతో కలిసి అద్దెకు ఉంటున్నాను. ఓక్‌ట్రీ రోడ్డులోని ఒక ఇండియన్ గ్రోసరీలో పని చేసుకుంటూ, కౌంటీ కాలేజీలో కంప్యూటర్ సైన్సు రెండేళ్ల అసోసియేట్ డిగ్రీని ఈ మే నెలలో పూర్తి చేయబోతున్నాను. నాన్నగారు లేరు. అమ్మ తెనాలిలో మామయ్యగారి దగ్గర ఉంటుంది, ఆమె మందులకు నెలనెలా నేనే కొంత పంపుతాను. 2024లో నా మొత్తం ఆదాయం 23,400 డాలర్లు. వయసును బట్టి ఫాఫ్సాలో, అంటే ఫెడరల్ విద్యార్థి సహాయ దరఖాస్తులో, నన్ను స్వతంత్ర విద్యార్థినిగానే లెక్కవేశారు. ఇప్పటిదాకా ట్యూషన్ అంతా రాష్ట్ర గ్రాంట్లతో, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటుతో గడిచిపోయింది, అప్పు లేదు.

2026 ఫాల్‌లో మూడో సంవత్సరంలో చేరడానికి డాలస్ దగ్గరి ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. ఫ్రిస్కోలో ఉండే మా పిన్ని, బాబాయి తమ ఇంట్లోనే ఉండి చదువుకోమంటున్నారు. నాన్నగారు పోయిన తరవాత అయినవాళ్ల మధ్య ఉండే అవకాశం నాకు రావడం ఇదే మొదటిసారి కనుక, వెళ్లాలన్న కోరిక బలంగా ఉంది. అద్దె, భోజనం ఖర్చు ఉండవు. చిక్కంతా ట్యూషన్ దగ్గరే వచ్చింది. వారు పంపిన సహాయ పత్రంలో రెండు సెమిస్టర్లకు నాన్‌రెసిడెంట్ (వేరే రాష్ట్రం వారికి వేసే) ట్యూషన్, ఫీజులు కలిపి 39,600 డాలర్లు చూపించారు. అందులో పెల్ గ్రాంటు 7,395, ఫెడరల్ రుణాలు 12,500, ట్రాన్స్‌ఫర్ మెరిట్ స్కాలర్‌షిప్ 3,000 పోగా ఇంకా 16,705 డాలర్లు నేను తెచ్చుకోవాలి. బాబాయి పూచీ సంతకం పెడితే ఆ మొత్తానికి ప్రైవేటు రుణం దొరుకుతుందని చెబుతున్నారు.

న్యూజెర్సీలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కూడా సీటు వచ్చింది కానీ, వారి సహాయ పత్రం ఇంకా రాలేదు. నా సందేహం ఇది: ఇంత తక్కువ ఆదాయంతో, ఎవరి మీదా ఆధారపడకుండా చదువుకునే విద్యార్థులకు వేరే రాష్ట్రంలో ఫీజు తగ్గించే మార్గం ఏదైనా ఉంటుందా? ఉంటే ఎవరిని, ఏమని అడగాలి?

జవాబు: సహాయనిధి_సలహా

అమ్మా, నేను చాలా ఏళ్లుగా ఒక కమ్యూనిటీ కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయంలో పని చేస్తున్నాను. మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. వాటిని విడదీస్తే దారి కొంత స్పష్టమవుతుంది.

ఫాఫ్సా మిమ్మల్ని స్వతంత్ర విద్యార్థినిగా గుర్తించిందంటే, మీ తల్లిగారి ఆదాయ వివరాలు అడగకుండా మీ ఆదాయాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుందని అర్థం. 2026-27 సంవత్సరానికి 2003 జనవరి 1కి ముందు పుట్టినవారందరూ ఈ కోవలోకి వస్తారు. వయసు చాలకపోయినా వివాహితులు, పిల్లల పోషణ భారం ఉన్నవారు, సైన్యంలో పని చేసినవారు, 13 ఏళ్లు నిండిన తరవాత ఎప్పుడైనా అనాథలుగానో ఫాస్టర్ కేర్‌లోనో ఉన్నవారు కూడా వస్తారు. దీనివల్ల మీకు రెండు మేళ్లు జరిగాయి. పిల్లలు లేని స్వతంత్ర విద్యార్థి ఆదాయం దారిద్ర్య రేఖకు 175 శాతం లోపల ఉంటే గరిష్ఠ పెల్ గ్రాంటు వస్తుంది. 2024లో ఒంటరి వ్యక్తికి ఆ రేఖ 15,060 డాలర్లు కాబట్టి హద్దు 26,355 అవుతుంది, మీ ఆదాయం దానికి లోపలే ఉంది. రెండోది, తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి మూడో ఏడాదిలో 7,500 దాకా మాత్రమే దొరికే ఫెడరల్ రుణం మీకు 12,500 దాకా దొరుకుతోంది.

అయితే ఫెడరల్ ప్రభుత్వం మీకు చేయగలిగేది అంతవరకే. నాన్‌రెసిడెంట్ ఫీజు అనేది పేదరికాన్ని బట్టి కాక, మీరు ఏ రాష్ట్రవాసి అన్నదాన్ని బట్టి నిర్ణయమవుతుంది. పెల్ గ్రాంటు పేదవారికి ఏ రాష్ట్రంలోనైనా ఒకటే కానీ, రాష్ట్రాలు తమ సొంత డబ్బును తమ నివాసులకే ఖర్చు పెట్టుకుంటాయి. న్యూజెర్సీ తన నివాసులకు ఇచ్చే టాగ్ (ట్యూషన్ ఎయిడ్ గ్రాంట్) గ్రాంటును మీరు టెక్సస్‌కు పట్టుకుపోలేరు, టెక్సస్ గ్రాంట్లు మీకు ఇవ్వరు. పశ్చిమ రాష్ట్రాల మధ్య ఉన్న డబ్ల్యు.యు.ఇ. ఒప్పందం వంటివి కొన్ని రాష్ట్రాల విద్యార్థులకు పక్క రాష్ట్రాల్లో ఫీజు తగ్గిస్తాయి కానీ, న్యూజెర్సీ అటువంటి ప్రాంతీయ ఒప్పందం దేనిలోనూ లేదు. ఇతర రాష్ట్రాల పేద విద్యార్థుల అవసరాన్ని కూడా పూర్తిగా తీరుస్తామని చెప్పే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు వర్జీనియా విశ్వవిద్యాలయం వంటివి బహు కొద్ది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థలో 2025-26లో కొత్తగా చేరిన నాన్‌రెసిడెంట్ విద్యార్థి మామూలు ట్యూషన్ మీద అదనంగా 37,602 డాలర్లు కట్టవలసి వచ్చింది. అటువైపు చూసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక మీరు వదులుకుని వెళ్లబోతున్నది ఎంతో చూడండి. న్యూజెర్సీలో 2022 ఫాల్ నుంచి గార్డెన్ స్టేట్ గ్యారంటీ అమలులో ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మూడో, నాలుగో సంవత్సరాలు చదివే రాష్ట్రవాసుల సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం 65,000 డాలర్ల లోపల ఉంటే, టాగ్, పెల్ వంటివి పోగా మిగిలిన ట్యూషన్, తప్పనిసరి ఫీజులను అది భర్తీ చేస్తుంది. సరిగ్గా మీరు ప్రవేశించబోయే రెండు సంవత్సరాలకే ఈ పథకం ఉద్దేశించింది. టెక్సస్ పత్రంలో ఉన్న 39,600కు ఎదురుగా ఇక్కడ మీ ట్యూషన్ సున్నా అయ్యే అవకాశం బాగా ఉంది. అయినవాళ్ల దగ్గరికి వెళ్లాలన్న మీ కోరికను నేను తక్కువ చేయడం లేదు, కానీ ఆ సహాయ పత్రం చేతికి వచ్చేదాకా టెక్సస్‌కు డిపాజిట్ కట్టకండి. ఆలస్యమవుతుంటే ఫోన్ చేసి అడగండి. ఏప్రిల్, మే నెలల్లో ఎవరూ అడగని ఫైలు కింద పడిపోతుంది.

మరో మాట. న్యూజెర్సీలో అసోసియేట్ డిగ్రీ పూర్తి చేసినవారి క్రెడిట్లను రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఒప్పుకోవాలని 2008 నాటి రాష్ట్రవ్యాప్త బదిలీ ఒప్పందం చెబుతుంది. టెక్సస్‌కు అది వర్తించదు. అక్కడ మీ 60 క్రెడిట్లలో ఏవి డిగ్రీకి లెక్కవేస్తారో రాతపూర్వకంగా తెప్పించుకోండి. డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ వంటి రెండు మూడు కోర్సులు తప్పనిసరి కోర్సులుగా కాక ఎలెక్టివ్‌ల (ఐచ్ఛిక కోర్సుల) కింద పడిపోతే మరో సెమిస్టరు పడుతుంది, అంటే నాన్‌రెసిడెంట్ లెక్కన మరో 20 వేల డాలర్లు.

జవాబు: ఉత్తర_డాలస్

పై సలహాదారు గారు చెప్పిన లెక్కతో నేను ఏకీభవిస్తున్నాను. కానీ టెక్సస్ తలుపు పూర్తిగా మూసి లేదు. ఇక్కడ రెండు దారులున్నాయి.

మొదటిది మీ చేతిలో ఉన్న పత్రంలోనే ఉండవచ్చు. టెక్సస్ విద్యా చట్టం 54.213 సెక్షను ప్రకారం, ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఇచ్చే కనీసం 1,000 డాలర్ల పోటీ స్కాలర్‌షిప్ పొందిన నాన్‌రెసిడెంట్ విద్యార్థి టెక్సస్ నివాసుల ఫీజే కట్టవచ్చు. అయితే అది టెక్సస్ విద్యార్థులు కూడా పోటీపడిన స్కాలర్‌షిప్ అయి ఉండాలి, విశ్వవిద్యాలయం నియమించిన స్కాలర్‌షిప్ కమిటీ దాన్ని ఇచ్చి ఉండాలి. మొత్తం విద్యార్థుల్లో 5 శాతానికి మించి ఈ మినహాయింపు ఇవ్వకూడదన్న హద్దు కూడా ఉంది. మీ 3,000 డాలర్ల స్కాలర్‌షిప్ మార్కుల సరాసరిని బట్టి అందరికీ దానంతటదే వచ్చేదైతే ఈ మినహాయింపు రాదు. కమిటీ ఎంపిక చేసినదైతే రావచ్చు. కనుక ఆర్థిక సహాయ కార్యాలయానికి ఫోన్ చేసి “నాకు ఇంకా సహాయం కావాలి” అని అడిగే బదులు, “ఈ స్కాలర్‌షిప్‌కు కాంపిటీటివ్ స్కాలర్‌షిప్ వేవర్ వర్తిస్తుందా, వర్తించకపోతే వర్తించే స్కాలర్‌షిప్ మా విభాగంలో ఏదైనా ఉందా, దాని గడువు ఎప్పుడు” అని ఈ మెయిల్ రాయండి. మొదటి ప్రశ్నకు జాలితో కూడిన సమాధానం వస్తుంది. రెండోదానికి అవుననో కాదనో చెప్పక తప్పదు. అవునంటే, ఆ మినహాయింపు రెండో ఏడాది కూడా కొనసాగడానికి షరతులేమిటో అదే ఉత్తరంలో అడగండి.

రెండో దారి ఓపిక ఉన్నవారిది. సీటును పక్కన పెట్టి, ముందు ఇక్కడికి వచ్చి ఏడాది ఉద్యోగం చేయడం. సొంతంగా బతికే వ్యక్తి 12 నెలలు వరసగా టెక్సస్‌లో ఉండి, ఇక్కడే స్థిరపడ్డానని ఆధారాలతో చూపగలిగితే ఆ తరవాత రెసిడెంట్ అవుతారు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి దీనికి అభ్యంతరం లేదు. మీ విషయంలో ఒక మెలిక ఉంది. పిన్నిగారింట్లో అద్దె లేకుండా ఉంటే మీ పేరు మీద లీజు ఉండదు, కరెంటు బిల్లు ఉండదు. అప్పుడు బరువంతా ఉద్యోగం మీదే పడుతుంది. వారానికి సగటున 20 గంటలైనా జీతానికి పని చేసినట్టు యజమాని ఉత్తరం, పే స్టబ్‌లు ఏడాది పొడుగునా దాచిపెట్టుకోవాలి. క్యాంపస్‌లో విద్యార్థిగా చేసే ఉద్యోగం ఇందుకు పనికిరాదు. టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు రాగానే తీసుకోవాలి. ముందే నాన్‌రెసిడెంట్‌గా చేరిపోయి చదువుకుంటూ ఏడాది తరవాత మారిపోదామనుకునేవారికి మాత్రం, చదువు కోసమే వచ్చారు తప్ప స్థిరపడటానికి కాదన్న ప్రశ్న ఎదురవుతుంది. దాన్ని దాటడం కష్టం.

ఆ ఏడాదికి దక్కే ఫలం చిన్నది కాదు. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ వ్యవస్థలోని తొమ్మిది విద్యాసంస్థల్లో, కుటుంబ ఆదాయం లక్ష డాలర్ల లోపల ఉన్న టెక్సస్ నివాసులకు 2025 ఫాల్ నుంచి ట్యూషన్, తప్పనిసరి ఫీజులు లేకుండా చేస్తున్నారు. పూర్తికాల డిగ్రీ విద్యార్థి అయి, ఫాఫ్సా నింపి, మిగతా షరతులు నెరవేర్చాలి. మీ విశ్వవిద్యాలయం ఆ వ్యవస్థలోదేనేమో చూసుకోండి.

ఫ్రిస్కో గురించి కూడా చెప్పాలి. డాలస్ ప్రాంతపు ప్రజా రవాణా సంస్థ డార్ట్‌లో ఫ్రిస్కో సభ్యనగరం కాదు కాబట్టి, ఇంటి ముందు బస్సెక్కి క్యాంపస్‌లో దిగే వీలుండదు. కారు, ఇన్సూరెన్సు, పెట్రోలు, టోల్ రోడ్ల ఖర్చు వేసుకుంటే ఉచిత వసతి అంత ఉచితంగా ఉండదు. మీరు ఎడిసన్‌లో కడుతున్న అద్దె వాటాతో పోల్చి చూసుకోండి.

జవాబు: పూచీదారు_అనుభవం

నేను పూచీ సంతకం గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే మన కుటుంబాల్లో ఈ మాట చాలా తేలిగ్గా వస్తుంది. “బాబాయేగా, సంతకమేగా” అంటారు. మా అన్నయ్య కొడుకు చదువుకు నేను అటువంటి సంతకం పెట్టాను. అతను బాధ్యత గలవాడు, నెలనెలా కడుతూనే ఉన్నాడు. అయినా ఆ రుణం మొత్తం నా క్రెడిట్ రిపోర్టులో నా అప్పుగానే కనిపిస్తుంది. నేను ఇంటి రుణానికి వెళ్లినప్పుడు బ్యాంకు అధికారి ఆ నెలవారీ వాయిదాను నా ఖర్చుల్లో కలిపి లెక్కగట్టారు. మీరు ఒక్క వాయిదా ఆలస్యం చేస్తే అది మీ బాబాయిగారి స్కోరును కూడా దెబ్బ తీస్తుంది. మీరు కట్టకపోతే బ్యాంకు ఆయన్ని అడగడానికి ఏ అడ్డూ లేదు. ఆయన వెనక్కి తప్పుకోవాలంటే మీరు సొంత ఆదాయం, సొంత క్రెడిట్ చూపి బ్యాంకును ఒప్పించాలి, లేదా రుణాన్ని మీ పేరు మీదికి మార్చుకోవాలి.

ప్రైవేటు రుణంలో వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. ఫెడరల్ సబ్సిడీ రుణానికి మాత్రం, మీరు కనీసం సగం లోడుతో చదువుతున్నంత కాలం వడ్డీని ప్రభుత్వమే భరిస్తుంది. మీ 12,500లో అటువంటిది 5,500 దాకానే ఉంటుంది. 2025-26లో తీసుకున్న డిగ్రీ రుణాలకు వడ్డీ 6.39 శాతం. రెండేళ్లలో ఫెడరల్ రుణం 25,000, దాని మీద ప్రైవేటు రుణం 33,410 అంటే, 58 వేల డాలర్ల పైచిలుకు అప్పుతో, ఉద్యోగం వస్తుందో రాదో తెలియని రోజుల్లో బయటికి వస్తారు. అమ్మగారి మందులకు డబ్బు పంపవలసిన బాధ్యత అప్పటికీ మీదే కదా. మీరు ఉండబోయేది కూడా వారింట్లోనే. వాయిదాల మాట వచ్చిన ఇంట్లో అన్నం తినడం ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఆలోచించండి. ఆ బంధం చెడకుండా ఉండాలంటే వారి దగ్గర గది తీసుకోండి, సంతకం తీసుకోకండి.

ఓక్‌ట్రీ_కౌంటర్

మీ ముగ్గురికీ ఎంతో కృతజ్ఞురాలిని. ఉత్తర డాలస్ గారు చెప్పిన మాటలతోనే ఈ మెయిల్ రాశాను. స్పష్టమైన సమాధానం వచ్చింది. నా 3,000 డాలర్ల స్కాలర్‌షిప్ మార్కుల సరాసరిని బట్టి దానంతటదే వచ్చేది కనుక దానికి వేవర్ వర్తించదట. విభాగంలో కమిటీ ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటి ఉంది కానీ ఈ ఏడాది గడువు ఫిబ్రవరిలోనే ముగిసింది. వేవర్ వచ్చి ఉంటే నివాసుల ఫీజు 15,400 పడేదని, అందులో పెల్, స్కాలర్‌షిప్ పోగా 5,005 మాత్రమే మిగిలేదని లెక్క కూడా పంపారు. సబ్సిడీ రుణంతోనే అయిపోయేది. ఫిబ్రవరికి ముందు ఈ విషయం తెలిసి ఉంటే బాగుండేదని బాధ కలిగింది. అందుకే వచ్చే ఏడాది దరఖాస్తు చేసేవారి కోసం ఇక్కడ రాస్తున్నాను.

న్యూజెర్సీ పత్రం నిన్న వచ్చింది. టాగ్, పెల్, గార్డెన్ స్టేట్ గ్యారంటీ కలిపి ట్యూషన్, ఫీజులు పూర్తిగా తీరిపోయాయి. నా అద్దె, భోజనం, పుస్తకాలు నేను చూసుకోవాలి. పిన్నితో మాట్లాడాను. ఆవిడ మొదట నొచ్చుకున్నారు కానీ, బాబాయి లెక్క చూసి ఇక్కడే చదవమన్నారు. కాబట్టి ఇక్కడే చేరుతున్నాను. ఒక్క సందేహం మిగిలింది: కొట్లో గంటలు తగ్గించుకోలేను కనుక, సెమిస్టరుకు మూడు కోర్సులే తీసుకుంటే సహాయం తగ్గుతుందా?

జవాబు: సహాయనిధి_సలహా

మంచి నిర్ణయం తీసుకున్నారు. కోర్సుల విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. మూడు కోర్సులంటే సాధారణంగా 9 క్రెడిట్లు అవుతాయి, 12 క్రెడిట్లు ఉంటేనే పూర్తికాల విద్యార్థి. తక్కువ క్రెడిట్లకు పెల్ గ్రాంటు ఆ మేరకు తగ్గుతుంది. ఇప్పటిదాకా రుణ పరిమితి మాత్రం తగ్గేది కాదు. 2026 జులై 1 నుంచి అమలయ్యే కొత్త ఫెడరల్ నిబంధనల వల్ల వార్షిక రుణ పరిమితి కూడా క్రెడిట్లను బట్టి తగ్గుతుంది. రాష్ట్ర గ్రాంట్ల షరతులను మీ విశ్వవిద్యాలయ సహాయ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోండి. పైగా పెల్ గ్రాంటుకు జీవితకాలంలో 12 పూర్తి సెమిస్టర్ల హద్దు ఉంది. కౌంటీ కాలేజీలో వాడినది పోగా ఎంత మిగిలిందో మీ స్టూడెంట్ ఎయిడ్ ఖాతాలో శాతంగా కనిపిస్తుంది.

నా అభిప్రాయంలో మీరు 12 క్రెడిట్లు తీసుకుని, కొట్లో గంటలు కొన్ని తగ్గించుకుని, ఆ లోటుకు 5,500 సబ్సిడీ రుణంలో కావలసినంత మాత్రమే తీసుకోవడం మేలు. సహాయ పత్రంలో మొత్తం రుణం చూపించినా, అంతా ఒప్పుకోవలసిన పని లేదు, మీకు కావలసిన మొత్తం చెబితే అంతే ఇస్తారు. ఆ డబ్బుతో పాఠ్యపుస్తకాలు కొంటే రసీదులు ఉంచుకోండి. చదువు ఖర్చుకు ఫెడరల్ పన్నులో ఇచ్చే అమెరికన్ ఆపర్చునిటీ టాక్స్ క్రెడిట్‌లో పుస్తకాల ఖర్చు కూడా చెల్లుతుంది, అందులో 40 శాతం, అంటే గరిష్ఠంగా 1,000 డాలర్లు, పన్ను బకాయి లేకపోయినా చేతికి వస్తుంది. అయితే ఆ క్రెడిట్ నాలుగు పన్ను సంవత్సరాలకే దొరుకుతుంది కనుక, గతంలో ఎన్నిసార్లు తీసుకున్నారో పాత రిటర్నులు చూసుకోండి.

చివరగా ఈ వారంలో చేయవలసిన పని ఒకటుంది. ఫాఫ్సాలో కొత్త విశ్వవిద్యాలయం కోడ్ ఉందో లేదో చూడండి. తరవాత రాష్ట్ర సహాయ సంస్థ హెసా వారి ఖాతాలోకి వెళ్లి, టాగ్ కోసం ఎంచుకున్న కాలేజీ పేరు కౌంటీ కాలేజీగానే ఉంటే దాన్ని మార్చండి. ఈ రెండూ వేర్వేరు ఖాతాలు కావడంతో, ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోయిన విద్యార్థులు ప్రతి ఆగస్టులో కట్టవలసిన అవసరం లేని బిల్లు చేతపట్టుకుని మా కౌంటర్ దగ్గర నిలబడతారు.